మతనియమం తప్పకుండా కాఫీలాంటి కప్పు: పొడి వేపడం నుంచి చుట్టాలింట్లో మర్యాద దాకా

పొద్దున్నే కాఫీ పడకపోతే పని మొదలుకాని ఇళ్లు మనవి. అలాంటి ఇంట్లో ఒకరు సెవెంత్ డే అడ్వెంటిస్ట్ అనే క్రైస్తవ సంఘంలో చేరారనుకోండి, లేదా ఇస్కాన్‌లో దీక్షకు సిద్ధమవుతున్నారనుకోండి. ప్రార్థనకో జపానికో టైమ్ దొరుకుతుంది. చిక్కంతా ఫిల్టర్ దగ్గరే వస్తుంది. ఇంట్లో అందరికీ డికాక్షన్ దిగుతుంటే ఆ ఒక్కరూ వేడినీళ్ల గ్లాసు పట్టుకుని కూర్చోవాలి.

అలా కూర్చోనక్కర్లేదు. కాఫీలో మన నాలుక వెతికే చేదు, రంగు, మాడు వాసన చాలావరకు వేపుడు వల్ల వచ్చేవే. ఆ చేదులో కెఫీన్ వాటా చిన్నది. అందుకే బార్లీనో చికోరీ వేరునో సరైన రంగు వచ్చేదాకా వేపితే ఆ రుచికి బాగా దగ్గరగా వెళ్లొచ్చు. అచ్చం కాఫీలాగే ఉంటుందని మాత్రం చెప్పను, ఉండదు. మొదటి వారం నాలుక పోల్చి చూస్తూనే ఉంటుంది, తర్వాత మానేస్తుంది.

1. నియమం దేని మీదో ముందు తేల్చుకోండి

ఇది తేల్చకుండా దుకాణానికి వెళితే డబ్బులు దండగ. ఎందుకంటే కాఫీ వద్దనే మతాలన్నీ ఒకే కారణంతో వద్దనవు.

అడ్వెంటిస్టుల దృష్టి కెఫీన్ మీద ఉంటుంది. 1863 నుంచి ఆ సంఘ స్థాపకుల్లో ఒకరైన ఎలెన్ వైట్ ఆరోగ్యం గురించి రాసిన బోధల్లో కాఫీ, టీలను నరాలను రెచ్చగొట్టే పదార్థాలుగా చూశారు. ఈనాటికీ ఆ సంఘం కెఫీన్ ఉన్న పానీయాలకు దూరంగా ఉండమనే చెబుతుంది. మన దగ్గర ఈ సంఘం కొత్తదేమీ కాదు. నూజివీడులో గిఫర్డ్ మెమోరియల్ ఆసుపత్రి నడుపుతున్నది వాళ్లే. వీళ్లకు కోలా డ్రింకులు, ఎనర్జీ డ్రింకులు కూడా ఇదే లెక్కలోకి వస్తాయి.

మోర్మన్లుగా జనం పిలిచే కడవరి దిన పరిశుద్ధుల క్రైస్తవ సంఘం లెక్క వేరు. 1833లో సంఘ స్థాపకుడు జోసెఫ్ స్మిత్ ఇచ్చిన ఆరోగ్య నియమంలో 'వేడి పానీయాలు' వద్దని ఉంది. సంఘం దానికి చెప్పే అర్థం కాఫీ, టీ. వేడిగా ఉండే సూపు, పాలు, బార్లీ నీళ్లకు అడ్డు లేదు. ఐస్ కాఫీ చల్లగా ఉన్నా కాఫీయే కాబట్టి కుదరదు. కెఫీన్‌ను మొత్తంగా నిషేధించలేదని 2012లో సంఘమే స్పష్టం చేసింది. మోకా, లాటే లాంటి పేర్లతో వచ్చే కాఫీ పానీయాలు, గ్రీన్ టీ, ఐస్‌డ్ టీ కుదరవని 2019లో యువత పత్రికలో రాసింది. అంటే ఇక్కడ కోలా తాగేవాళ్లు కనిపిస్తారు గానీ, కెఫీన్ తీసేసిన డీకాఫ్ మాత్రం పనికిరాదనేది మామూలుగా పాటించే పద్ధతి. అదీ కాఫీ గింజే కదా. 2012లో భారతదేశంలో ఈ సంఘపు మొదటి 'స్టేక్' (కొన్ని స్థానిక సమాజాలను కలిపిన పెద్ద విభాగం) ఏర్పడింది హైదరాబాద్‌లోనే కాబట్టి, ఈ సందేహం తెలుగు ఇళ్లలో చాలాసార్లు వచ్చి ఉంటుంది.

ఇస్కాన్‌లో దీక్ష తీసుకునేవాళ్లు పాటించే నాలుగు నియమాల్లో మత్తు పదార్థాలు వద్దనేది ఒకటి. కాఫీ, టీ అందులోకే వస్తాయి. నిష్ఠగా ఉండేవాళ్లు కోకో ఉన్న చాక్లెట్‌నూ పక్కన పెడతారు. పైగా కృష్ణుడికి నైవేద్యం పెట్టాకే తాగాలి కాబట్టి వంటింటి శుభ్రత, పాత్రల పట్టింపు కూడా ఉంటాయి. ఏకాదశి సంగతి కింద విడిగా చెబుతాను.

డీకాఫ్ గురించి ఒక మాట. అది కెఫీన్ తగ్గించిన కాఫీ, అంతే. మామూలు పెద్ద కప్పు కాఫీలో సుమారు 95 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటే డీకాఫ్ కప్పులో 2 నుంచి 15 దాకా మిగులుతుంది. డాక్టర్ తగ్గించమన్నవాళ్లకు అది పనికొస్తుంది. మతం కోసం మానేవాళ్లలో చాలామందికి పనికిరాదు. ఇంకా అనుమానం ఉంటే మీ పాస్టర్‌నో, బిషప్‌నో, గురువునో ఒకసారి అడిగేయండి. ఇంటర్నెట్‌లో వాదనలు చదవడం కన్నా తొందరగా తేలుతుంది.

2. మానాల్సిన తేదీకి ముందే తగ్గించండి

రోజుకు రెండు మూడు కప్పులు తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలవుతుంది. ఒకటి రెండు రోజులకు బాగా పెరుగుతుంది. చిరాకు, నిద్రమత్తు తోడై వారం దాకా, కొందరికి తొమ్మిది రోజుల దాకా సాగొచ్చు. దీన్ని 'శరీరానికి కాఫీ అవసరం' అని అర్థం చేసుకుని మళ్లీ మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ.

బాప్తిస్మానికో దీక్షకో తేదీ అనుకున్నాక, దానికి కనీసం నెల ముందు నుంచి తగ్గించుకుంటూ రండి. మొదటి వారం మీ కాఫీ పొడి మూడు వంతులు, కింద చెప్పిన బార్లీ పొడి ఒక వంతు. రెండో వారం సగం సగం. మూడో వారం కాఫీ ఒక వంతే. నాలుగో వారం కాఫీ లేదు. చికోరీ రంగు బాగా ఇస్తుంది కాబట్టి కప్పు చూస్తే తేడా తెలియదు. ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పకుండానే మార్చేసిన కోడళ్లు ఉన్నారంటే నేను నమ్ముతాను.

ఈ రోజుల్లో తలనొప్పికి మాత్ర వేసుకునేటప్పుడు అట్ట మీద చదవండి. సారిడాన్ లాంటి కొన్ని మాత్రల్లో కెఫీన్ కూడా కలిసి ఉంటుంది. మానేసినదాన్నే మాత్రగా మింగినట్టవుతుంది. మామూలు పారాసిటమాల్‌లో అది ఉండదు.

3. సరుకులు

బార్లీ: కిరాణా కొట్లో దొరికే తెల్ల బార్లీ చాలు. పొట్టు తీయని యవలు దొరికితే ఇంకా మంచిది, వాసన లోతుగా ఉంటుంది.

రాగులు: కొద్దిగా వేస్తే చిక్కదనం, తీపి వాసన వస్తాయి. ఎక్కువైతే రాగిజావ గుర్తొస్తుంది.

చికోరీ: మన ఫిల్టర్ కాఫీ పొడిలో ఉండేదే, ఒక మొక్క వేరును ఎండబెట్టి వేపి పొడి చేస్తారు. ఇందులో కెఫీన్ అసలు లేదు. 1806లో నెపోలియన్ ఇంగ్లండు సరుకులను అడ్డుకున్నప్పుడు కాఫీ కరువైన ఫ్రెంచివాళ్లు దీన్ని తెగ వాడారు. ఇప్పుడు ఇండియాలో ఇది ఎక్కువగా గుజరాత్, ఉత్తరప్రదేశ్ నుంచి వస్తుంది. కాఫీ గింజలు అప్పటికప్పుడు మరాడించి ఇచ్చే కొట్లలో "చికోరీ విడిగా కావాలి" అంటే తూచి ఇస్తారు. కాకపోతే ఆ డబ్బాలు, చెంచాలు, మర అన్నిటికీ కాఫీ పొడి అంటి ఉంటుంది. నియమం గట్టిగా పాటించేవాళ్లు సీలు వేసిన ప్యాకెట్ కొనుక్కోవడం మేలు.

'కాఫీ చికోరీ మిశ్రమం' అని రాసి ఉన్న ప్యాకెట్‌ను చికోరీ అనుకుని తెచ్చుకోకండి. మన దేశంలో అలాంటి మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, ఎంతెంత ఉందో ప్యాకెట్ మీద రాయాలి. ఆ అంకెలు చిన్న అక్షరాల్లో ఉంటాయి, తిప్పి చూడండి.

4. వేపుడు: అసలు పని ఇక్కడే

బార్లీ పావు కిలో, రాగులు 100 గ్రాములు, చికోరీ పొడి 50 గ్రాములు. ఇది నా ఇంటి కొలత. చేదు ఇష్టమైతే చికోరీ ఇంకో 20 గ్రాములు పెంచుకోవచ్చు, అంతకుమించి వద్దు.

బార్లీలో రాళ్లు ఏరండి. కడిగితే ఎండలో పూర్తిగా ఆరాకే పొయ్యి ఎక్కించాలి. తడి ఉన్న గింజ ముందు ఉడుకుతుంది, ఆ తర్వాత పైన మాడి లోపల పచ్చిగా మిగులుతుంది. మందపాటి ఇనుప మూకుడు పెట్టి, మంట మధ్యస్థం కన్నా కాస్త తక్కువగా ఉంచి, గరిటె ఆపకుండా తిప్పుతూ ఉండాలి. ఫోన్ వస్తే పొయ్యి ఆపేసి మాట్లాడండి.

మొదటి ఐదు నిమిషాల్లో ఏమీ జరిగినట్టు ఉండదు. పది నిమిషాలకు గింజలు చిటపటలాడి, పేలాల వాసన వస్తుంది, రంగు బంగారంలా మారుతుంది. చాలామంది ఇక్కడే దించేస్తారు. ఇక్కడ దించితే బార్లీ నీళ్లు వస్తాయి, కాఫీలాంటిది రాదు. పదిహేను నిమిషాలకు కాల్చిన రొట్టె వాసన. ఇరవై దాటాక గింజ కాఫీ గింజ రంగులోకి తిరిగి, సన్నటి పొగ లేవడం మొదలవుతుంది. ఆ మొదటి పొగ దగ్గర పొయ్యి కట్టేయాలి. అప్పుడు ఒక గింజ తీసి చల్లార్చి, పంటితో రెండుగా కొరికి చూడండి. లోపల గోధుమ రంగు ఉంటే సరే. మధ్యలో తెల్ల చుక్క కనబడితే మంట ఇంకా తగ్గించి రెండు మూడు నిమిషాలు వేపాలి.

దించగానే వెడల్పు పళ్లెంలో పరిచేయండి. మూకుట్లోనే వదిలేస్తే ఆ వేడికే మాడి బొగ్గు అవుతుంది. బొగ్గు రుచి ఏ బెల్లంతోనూ పోదు.

రాగులు విడిగా వేపాలి. గింజ చిన్నది కాబట్టి ఎనిమిది, పది నిమిషాల్లో అయిపోతుంది. రెండూ కలిపి వేపితే రాగులు మాడిపోతాయి, బార్లీ వేగదు. చికోరీ పొడి ముందే వేగి ఉంటుంది, దాన్ని పొయ్యి మీద పెట్టొద్దు.

పూర్తిగా చల్లారాక మిక్సీలో వేయండి. వేడి మీద తిప్పితే ఆవిరికి ముద్ద కడుతుంది. ఎంత మెత్తగా అనేది ముఖ్యం: బొంబాయి రవ్వంత ఉంటే చాలు. గింజలో పిండి పదార్థం ఎక్కువ కాబట్టి మెత్తగా చేస్తే డికాక్షన్ దిగదు, జావ అవుతుంది. మిక్సీ జార్‌లో ఇంతకుముందు కాఫీ గింజలు వేసి ఉంటే కొన్ని బియ్యం గింజలు తిప్పి పారబోసి, కడిగి ఆరబెట్టి వాడండి.

చివర్లో చికోరీ కలిపి గాజు సీసాలో పెట్టండి. వాసన బాగుండేది మూడు నాలుగు వారాలు. అందుకే ఒకేసారి కిలోలు చేయొద్దు.

5. కప్పులోకి

ఒక గ్లాసు నీళ్లకు రెండు చెంచాల పొడి. నీళ్లు మరిగాక పొడి వేసి, సన్నటి సెగ మీద నాలుగైదు నిమిషాలు మరగనివ్వండి. కట్టేసి రెండు నిమిషాలు మూత పెడితే రవ్వ అడుగుకు చేరుతుంది. పలచటి గుడ్డలో కానీ సన్న జల్లెడలో కానీ వడకట్టి, కాచిన చిక్కటి పాలు సగానికి సగం కలపండి. పంచదార అయితే ఎప్పుడైనా వేసుకోవచ్చు. బెల్లం మాత్రం పొయ్యి కట్టేశాక, గ్లాసులో వేసుకోవాలి. మరిగే పాలలో వేస్తే విరిగిపోతాయి. తర్వాత రెండు గ్లాసుల మధ్య ఎత్తునుంచి తిరగబోయండి. నురగ వస్తే నాలుక సగం మోసపోతుంది.

స్టీలు ఫిల్టర్ వదలలేనివాళ్లకు: ధాన్యం ఫిల్టర్లో సరిగ్గా దిగదు, మరిగిస్తేనే సారం వస్తుంది. చికోరీ మాత్రం బాగా దిగుతుంది, ఎందుకంటే అందులో నీళ్లలో కరిగే భాగం కాఫీ కన్నా చాలా ఎక్కువ. కానీ ఒట్టి చికోరీ నీళ్లు తగలగానే ఉబ్బి చిల్లులు మూసేస్తుంది. కాబట్టి పైగిన్నెలో మూడు చెంచాల వేపిన బార్లీ రవ్వకు ఒక చెంచా చికోరీ కలిపి, గట్టిగా అదమకుండా, సలసల మరిగే నీళ్లు పోయండి. అరగంట పడుతుంది. నా ఓటు మరిగించే పద్ధతికే.

6. అమెరికా పద్ధతి: గోధుమ పొట్టు, బెల్లం

మతం వల్ల కాఫీ మానినవాళ్ల పానీయాల్లో ప్రపంచంలో పేరు తెచ్చుకున్నది పోస్టమ్. మిషిగన్‌లోని బ్యాటిల్ క్రీక్‌లో అడ్వెంటిస్టులు మొదలుపెట్టిన ఆరోగ్య కేంద్రాన్ని డాక్టర్ జాన్ హార్వీ కెల్లాగ్ నడిపేవాడు. అక్కడ రోగులకు కాఫీ బదులు ధాన్యంతో చేసిన పానీయం ఇచ్చేవారు. అక్కడ వైద్యం చేయించుకున్న సి. డబ్ల్యూ. పోస్ట్ 1895లో గోధుమ, గోధుమ పొట్టు, మొలాసిస్ (పంచదార తీయగా మిగిలే నల్లటి పాకం)తో పోస్టమ్ తయారుచేసి అమ్మకం పెట్టాడు. మోర్మన్ ఇళ్లలో అది తరాల పాటు నడిచింది. 2007లో క్రాఫ్ట్ కంపెనీ తయారీ ఆపేస్తే జనం గోల పెట్టారు. కొన్నేళ్ల తర్వాత ఒక చిన్న కంపెనీ హక్కులు కొని మళ్లీ మొదలుపెట్టింది.

మన వంటింట్లో దాని వరస ఇలా ఉంటుంది. గోధుమ పొట్టు మూడు కప్పులు తీసుకోండి. పిండి మరలో అడిగితే ఇస్తారు, పశువుల దాణా కొట్లో తవుడు మాత్రం వద్దు. అర కప్పు బెల్లం పావు కప్పు నీళ్లలో కరిగించి వడకట్టి, చిటికెడు ఉప్పు వేసి పొట్టుకు పట్టించండి. ఓవెన్ ఉంటే 150 డిగ్రీల దగ్గర పలచగా పరిచి, పది నిమిషాలకోసారి కలుపుతూ, ముదురు గోధుమ రంగు వచ్చేదాకా సుమారు గంట ఉంచండి. మూకుట్లో అయితే సన్నటి సెగ మీద. చివరి పది నిమిషాల్లో బెల్లం చటుక్కున మాడుతుంది, అప్పుడు పక్కనే నిలబడాలి. చల్లారాక కరకరలాడుతుంది. కప్పుకు పెద్ద చెంచాడు వేసి ఐదు నిమిషాలు మరిగించి వడకట్టుకోండి. ఇందులో తీపి, మాడిన పాకం వాసన ఎక్కువ. చేదు కాఫీ ఇష్టపడేవాళ్లకు నచ్చకపోవచ్చు, పిల్లలు మాత్రం ఎగబడతారు.

7. ఏకాదశి, ధాన్యం లేని కప్పు

ఏకాదశి నాడు వైష్ణవులు ధాన్యాలు, పప్పులు ముట్టరు. అంటే పైన చెప్పిన బార్లీ, రాగి, గోధుమ ఏవీ పనికిరావు. ఆ రోజుకు ఒట్టి చికోరీ ఒక దారి: గ్లాసుకు అర చెంచా చాలు, ఒక్క పొంగు రానిచ్చి వడకట్టేయడమే.

ఇంకో దారి ఖర్జూరం గింజలు. గింజలను నానబెట్టి గుజ్జంతా పోయేలా తోమి, మూడు నాలుగు రోజులు ఎండబెట్టి, సన్నటి సెగ మీద నల్లబడేదాకా వేపాలి, అరగంట పైనే పడుతుంది. రాయిలా ఉంటాయి, నేరుగా మిక్సీలో వేస్తే బ్లేడు పోతుంది. ముందు ఇనప రోట్లో ముక్కలు చేయండి. చేదు తక్కువ, వాసన గొప్పగా ఉంటుంది. శ్రమకు తగ్గ ఫలితమా అంటే, నెలకు రెండు రోజుల కోసం ఓపిక ఉన్నవాళ్లకు అవును.

శొంఠి కాఫీ, ధనియాల కాఫీ మనవాళ్లకు చెప్పక్కర్లేదు. ధనియాలు నాలుగు చెంచాలు, జీలకర్ర ఒకటి, శొంఠి పొడి అర చెంచా, నాలుగు ఏలకులు వేపి పొడి కొట్టి, తాటిబెల్లంతో మరిగించడమే. జలుబుకు బాగుంటుంది గానీ కాఫీ చోటును నింపదు. పాత పద్ధతి అడ్వెంటిస్టుల్లో కొందరు మిరియాలు, ఘాటైన మసాలాలకు కూడా దూరంగా ఉంటారు, వాళ్లకు పెట్టేముందు అడగండి.

పొలం గట్ల మీద దొరికే కసింద గింజలను వేపి కాఫీలా తాగొచ్చని చెప్పేవాళ్లు కనిపిస్తారు. దగ్గరికి రానివ్వకండి. ఆ గింజల్లో విషం ఉంది. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో పిల్లలు ఆ కాయలు తిని కాలేయం, మెదడు దెబ్బతిని చనిపోయారని వైద్యులు తేల్చారు.

8. కొనుక్కునేవాళ్లకు

అమెరికాలో ఉన్న మనవాళ్లకు పోస్టమ్, పెరో, టీచీనో దొరుకుతాయి. ఇంగ్లండులో బార్లీకప్. ఇటలీలో ఏ కాఫీ కొట్లోనైనా 'ఓర్జో' అంటే బార్లీ కాఫీ ఇస్తారు, పోలండ్ దుకాణాల్లో ఇన్‌కా ఉంటుంది. కొరియా, జపాన్ సరుకుల కొట్లలో వేపిన బార్లీ సంచుల్లో అమ్ముతారు. అది లేత వేపుడు, పాలతో బాగోదు, ఒట్టి నీళ్లతో తాగాలి. ఇవే పేర్లతో కొన్నిసార్లు కాఫీ కలిపిన రకాలు, కోకో కలిపిన రకాలూ వస్తాయి కాబట్టి వెనక చదవాల్సిందే.

ఇక్కడైతే హార్లిక్స్ మామూలు రకంలో బార్లీ మాల్ట్, గోధుమ ఉంటాయి, కోకో ఉండదు. బోర్న్‌విటా, బూస్ట్‌లలో కోకో ఉంటుంది, అంటే కొద్దిగా కెఫీన్ కూడా. 'హెర్బల్' అని రాసినంత మాత్రాన టీ ఆకు లేనట్టు కాదు.

9. ఎవరు జాగ్రత్తగా ఉండాలి

గోధుమ, బార్లీలలో గ్లూటెన్ ఉంటుంది, సీలియాక్ జబ్బు ఉన్నవాళ్లు రాగులు, చికోరీతోనే చేసుకోవాలి. చికోరీలో ఇన్యులిన్ అనే పీచు ఎక్కువ, కొత్తలో కడుపు ఉబ్బరం, గ్యాస్ రావొచ్చు. చామంతి జాతి మొక్కలు పడనివాళ్లకు చికోరీ కూడా పడకపోవచ్చు. గర్భిణులు రోజూ తాగాలనుకుంటే డాక్టర్ని అడగండి. షుగర్ ఉన్నవాళ్లు బెల్లమైతే పర్లేదనుకోవద్దు.

ఇంకొకటి, 'కాఫీ కాదు కాబట్టి ఎంతైనా తాగొచ్చు' అనేవాళ్ల కోసం. పిండి పదార్థాలు బాగా వేగినప్పుడు అక్రిలమైడ్ అనే, ఒంటికి మంచిది కాని పదార్థం పుడుతుంది. యూరప్ నిబంధనల్లో దీనికి పెట్టిన ప్రమాణం వేపిన కాఫీకి కిలోకు 400 మైక్రోగ్రాములైతే, ధాన్యం పొడులకు 500, ఒట్టి చికోరీకి 4000. భయపడేంత కాదు గానీ, చికోరీ తక్కువ వేయమన్నదీ, మొదటి పొగ దగ్గరే ఆపమన్నదీ రుచి కోసం మాత్రమే కాదు.

10. బయటికి వెళ్లినప్పుడు

చుట్టాలింట్లో కూర్చోగానే కాఫీ వస్తుంది. "తాగను" అంటే "పోనీ టీ పెట్టనా వదినా?" అంటారు. "అదీ తాగను" అంటే ఆవిడ మొహం చిన్నబోతుంది, ఏం పెట్టాలో తోచక. అందుకే వద్దనేలోపే కావాల్సింది మీరే అడగండి: "మజ్జిగుంటే ఇవ్వు పిన్నీ", "ఒట్టి పాలు చాలు అక్కా". కారణం అడిగితే ఒక్క ముక్కలో చెప్పండి, అక్కడ ప్రసంగం మొదలుపెడితే ఈసారి మజ్జిగ కూడా రాదు.

రోజూ వెళ్లే ఆఫీసుకైతే చిన్న డబ్బాలో ఒట్టి చికోరీ, ఒక చిన్న జల్లెడ పట్టుకెళ్లండి. వేడినీళ్లు, పాలు ఉంటే చాలు, కలిపి వడకట్టుకుంటే కప్పు తయారు. రైలు ప్రయాణానికి ఇంట్లోనే చిక్కటి బార్లీ డికాక్షన్ కాచి ఫ్లాస్కులో పోసుకోండి. పాలు కలపకుండా తీసుకెళ్తే సాయంత్రం దాకా పాడవదు. హోటల్లో బాదం పాలు అడగొచ్చు. పొద్దున పూట మన ఊళ్లలో పార్కుల దగ్గర రాగిజావ బళ్లు ఉండనే ఉంటాయి.